పట్టా ఒకరిది, పంట ఒకరిది – రైతు భరోసా ఎవరిది?

కొంచెం పొడుగు పోస్టే, ఓపికగా చదవండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు తండాల నుంచి వచ్చి హాస్టళ్లల్ల చదువుకుంటున్నోళ్లు మాత్రం తప్పకుండా చదవాలె.

2025 జూన్‌ల రైతు భరోసా పైసలు పడ్డయ్. 16వ తారీఖు మొదలుపెట్టి 9 రోజులల్ల 9 వేల కోట్లు రైతుల ఖాతాలల్ల వేసినం అని సర్కారు చెప్పుకున్నది. ఎకరానికి 6 వేలు. ఆ వారం అంతా తండాల ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట, "నీకు పడ్డయా?" అని. ఈ ముచ్చట టీవీల, పేపర్ల కూడ నడిచింది. ఎన్ని ఎకరాల దాక పడ్డయ్, ఎవరికి ఆగినయ్, పోయిన సర్కారు ఎక్కువ ఇచ్చిందా ఈ సర్కారు ఎక్కువ ఇచ్చిందా అని. కానీ "నాకు పడేది కాదులే" అని మొదటి నుంచే ఫోన్ చూసుకోని మనుషులు మన తండాలల్ల ఎంత మంది ఉన్నరో ఎవరూ మాట్లాడలే. వాళ్లు అప్పటికే నారు పోసి ఉన్నరు. దుక్కి దున్నించిన ట్రాక్టరు కిరాయి బాకీ ఉన్నరు. ఎరువుల దుకాణంల ఖాతా రాయించిన్రు. పంట వాళ్లదే, అప్పు వాళ్లదే. పాస్‌బుక్కు మాత్రం వాళ్లది కాదు.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఈ పథకానికి పేరు మారింది, రేటు మారింది, సర్కారు మారింది. పైసలు పోయే దారి మాత్రం మారలే. అవి పాస్‌బుక్కుకు పోతున్నయ్, పొలంల ఉన్న మనిషికి పోతలేవు. దాని దెబ్బ అందరికంటె ఎక్కువ తాకింది మన తండాలకే. దీని గురించి మాట్లాడాల్సింది ఫస్ట్ మనమే, మాట్లాడకుండా ఉన్నది కూడా మనమే.

తెలియని తమ్ముళ్ల కోసం కొంచెం వెనక్కి పోత. రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌ల మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు, ఏడాదికి 8 వేలు. మొదటిసారి చెక్కుల రూపంల ఇచ్చిన్రు, తర్వాత నేరుగా ఖాతాల వేసిన్రు. 2019 వానకాలం నుంచి పంటకు 5 వేలు చేసిన్రు. మొదటి ఏడాది 8 వేలు, తర్వాత 2023-24 యాసంగి దాక ఐదేండ్లు పదేసి వేలు. కలిపితే ఒక్క ఎకరం పట్టా ఉన్న మనిషికి ఆరేండ్లల్ల 58 వేలు. పది ఎకరాలు ఉంటే 5 లక్షల 80 వేలు. ఇరవై ఎకరాలు ఉంటే లెక్క మీరే కట్టుకోండి. ఎన్ని ఎకరాలకు ఇయ్యాలె అనే పరిమితి అప్పుడు లేదు. ఆ భూమిని ఆయన దున్నుతున్నడా, హైదరాబాద్‌ల ఉన్నడా, అమెరికాల ఉన్నడా అనే ప్రశ్న కూడా లేదు. కౌలు రైతుకు ఇచ్చేది లేదని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగంగానే చెప్పిండు, అందుల దాపరికం ఏం లేదు.

2023 ఎలక్షన్ల కాంగ్రెస్ పార్టీ చెప్పిన మాట వేరు. రైతులకూ, కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు, వ్యవసాయ కూలీలకు 12 వేలు, వడ్లకు క్వింటాల్‌కు 500 బోనస్ అన్నరు. ఆరు గ్యారెంటీల కార్డు మీద "కౌలు రైతులు" అని అచ్చు వేసి ఇంటింటికీ పంచిన్రు. గెలిచినంక మంత్రివర్గ ఉపసంఘం వేసి 2024 జులైల జిల్లాలు తిరిగి అభిప్రాయాలు తీసుకున్నరు. ఆ ఏడాది వానకాలానికి అసలు పైసలే పడలే. 2025 జనవరి 4న కేబినెట్ నిర్ణయం వచ్చింది: ఏడాదికి ఎకరానికి 12 వేలు, సాగుకు పనికొచ్చే భూమికే. గుట్టలు, రోడ్లు, వెంచర్లు తీసేస్తరట. జనవరి 26న మొదలుపెట్టిన్రు. వెంచర్లు తీసెయ్యడం మంచిదే, నేను కాదనను. కానీ కౌలు రైతు అనే మాట ఆ నిర్ణయంల ఏడ పోయిందో ఎవరూ చెప్పలే.

ఇగ మన కథకు వస్త.

మన తండాలల్ల పాస్‌బుక్కు లేకుండ వ్యవసాయం చేసేటోళ్లు ఒక్క రకం కాదు. అందరికంటె ఎక్కువ ఉన్నది మక్తకు చేసేటోళ్లు. పుస్తకాలల్ల కౌలు అని ఉంటది గానీ మా దిక్కు ఇప్పటికీ మక్త అనే అంటరు. సాగర్ ఎడమ కాల్వ కింద నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మాగాణి చూడండి. కాల్వ వచ్చినంక ఆ నీళ్లు పారిన భూములు ఎవరివి? తండాలు ఎక్కువ శాతం మెట్ట మీద, గుట్టల పక్కన, కాల్వకు ఎగువన ఉన్నయ్. నీళ్లు కిందికి పోయినయ్, మనుషులు కూడ ఆ నీళ్ల ఎంబడి కిందికి కూలికి పోయిన్రు. తర్వాత కింద ఊర్ల ఆసాముల పిల్లలు చదువుకొని టౌన్లకు పోయిన్రు. కోదాడ చుట్టుపక్కల చాన ఇండ్లల్ల అమెరికాల ఒకరన్న ఉంటరు. మరి ఆ పొలాలు ఎవరు చేస్తున్నరు? తండాల నుంచి పోయి మన యాడి, బా చేస్తున్నరు. దళితవాడల వాళ్లు, బీసీలల్ల భూమి లేనోళ్లు చేస్తున్నరు.

మా ఇంటి లెక్కే చెప్త, దాచుకునేది ఏం లేదు. మాకు సొంతం ఎకరం ఇరవై గుంటలు, అదీ చెలక. మూడెకరాల మాగాణి మక్తకు చేస్తం. మక్త పంటకు ఎకరానికి పది బస్తాలు, 75 కిలోల బస్తా. 2024-25ల ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,320. అంటే ఎకరానికి పంటకు ఏడున్నర క్వింటాళ్లు, 17,400 రూపాయలు. రెండు పంటలు పండితే 34,800. దాని మీద రైతు భరోసా 12 వేలు. కలిపితే పట్టాదారుకు ఎకరానికి 46,800. చేనుల అడుగు పెట్టకుండ, ఒక్క మందు బస్తా కొనకుండ వచ్చే పైసలు అవి. మాకు మిగిలేది దుక్కి, నాటు, ఎరువు, మందు, కోత మిషన్ అన్నీ పోను ఎంతనో మా బాను అడిగితే నవ్వుతడు. వడ్డీ ఎంత అయిందో చూసి గానీ చెప్పలేను అంటడు. సర్కారు ఈ పథకాన్ని పెట్టుబడి సాయం అనే పిలిచింది కదా. మరి మా పొలంల పెట్టుబడి పెట్టింది ఎవరు?

పట్టాదారు చెడ్డోడు అని చెప్తలే. ఆయన మమ్మల్ని ఎన్నడూ ఒక మాట అనలే. పథకం అట్ల ఉన్నది, ఆయనకు వచ్చింది, ఆయన తీసుకున్నడు. తప్పు ఎక్కడుందో అక్కడ చూడాలె.

2023-24 యాసంగి గుర్తు తెచ్చుకోండి. సాగర్‌ల నీళ్లు లేవు, ఎడమ కాల్వ కింద యాసంగి పంటకు నీళ్లు ఇయ్యలే. వేల ఎకరాలు బీడు. మిర్యాలగూడ దిక్కు ఎప్పుడూ పచ్చగ ఉండే పొలాలల్ల మేకలు మేసినయ్. ఆ యాసంగికి కూడ ఎకరానికి 5 వేల లెక్కన రైతుబంధు పడ్డది, కొందరికి తొందరగ, కొందరికి ఎండాకాలం దాక. పంట వేయని భూమికి పెట్టుబడి సాయం వచ్చింది. పంట వేయలేక ఆ సీజన్ మొత్తం ఖాళీగ కూర్చున్న మక్తదారుకు రూపాయి రాలే. వాళ్లల్ల చాన మంది ఆ ఎండాకాలం హైదరాబాద్ పోయి అడ్డా మీద నిలబడ్డరు. పట్టాదారుకు ఇయ్యొద్దు అనను, కరువు ఆయనకూ కరువే. కానీ కరువుల కూడ ఒక్కడే కనబడి ఇంకొకడు కనబడకపోవుడు ఏం న్యాయం?

రెండో రకం తెల్ల కాగితాల మీద కొనుక్కున్నోళ్లు. సాదా బైనామా అంటరు. పెళ్లికో, రోగానికో అప్పులపాలై ఒకరు అమ్మితే, ఇంకొకరు ఇరవై ఏండ్ల కింద, ముప్పై ఏండ్ల కింద కాగితం మీద వేలిముద్రలు పెట్టించుకొని కొన్నరు. రిజిస్ట్రేషన్ ఖర్చు లేక, తెలియక అట్లనే ఉన్నది. భూమి వీళ్లు దున్నుతున్నరు, పేరు పాతోళ్లదే ఉన్నది. 2020 అక్టోబర్, నవంబర్ నెలలల్ల సర్కారు దరఖాస్తులు తీసుకుంటే రాష్ట్రం మొత్తం మీద దాదాపు 9 లక్షలు వచ్చినయ్. అది హైకోర్టుల ఆగిపోయింది. భూభారతి చట్టంల వీటి కోసం ఒక సెక్షన్ పెట్టిన్రు. 2025 జూన్ 3 నుంచి 20 దాక ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి మళ్లీ కాగితాలు తీసుకున్నరు. మా పక్క తండాల ఒక పెద్దాయన 2020ల ఇచ్చిన దరఖాస్తు రశీదు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని సదస్సుకు వచ్చిండు. మళ్లీ ఇంకో రశీదు ఇచ్చిన్రు. ఈ ఏడేండ్లల్ల ఆయన భూమి మీద రైతుబంధు తీసుకున్నది భూమి అమ్ముకొని పోయినాయన కొడుకులు. అమ్మినోనికి ధర ఒకసారి వచ్చింది, మళ్లీ ఏడాదికి రెండుసార్లు వస్తున్నది!

ఇక్కడ ధరణి సంగతి ఒక్క మాట చెప్పకుంటే కథ అర్థం కాదు. పాత పహాణీల పట్టాదారు పేరు ఒక కాలంల, అనుభవదారు పేరు ఇంకో కాలంల ఉండేది. అంటే కాగితం ఎవరిది, కబ్జా ఎవరిది అని సర్కారు రెండూ రాసుకునేది. పటేల్, పట్వారీల కాలంల కూడ ఆ కాలం ఉన్నది. తప్పులు రాసేటోళ్లు, లంచాలు తినేటోళ్లు, అది వేరే ముచ్చట. 2017 సెప్టెంబర్‌ల మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన, ఆ తర్వాత 2020 అక్టోబర్ 29న వచ్చిన ధరణి, ఈ రెండిటి తర్వాత అనుభవదారు కాలం మాయమైంది. దున్నేటోడు అనే మనిషి సర్కారు రికార్డుల నుంచే పోయిండు. ఇప్పుడు "కౌలు రైతు ఎవరో మాకు ఎట్ల తెలుస్తది?" అని అడుగుతున్నరు. తెలిసే కాలాన్ని తీసేసింది మీరే కదా సారూ.

మూడో రకం సర్కారు భూములు, అటవీ భూములు, గొడవల్ల ఉన్న భూములు చేసుకునేటోళ్లు. మఠంపల్లి మండలం గుర్రంబోడు తండా పేరు 2021 ఫిబ్రవరిల రాష్ట్రమంతా వినబడ్డది. అక్కడ సర్వే నంబర్ 540 గొడవ ఏంటిదో మీలో చాన మందికి నాకంటె బాగ తెలుసు. దామరచర్ల దిక్కు వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుకు భూములు పోయినోళ్లకు భూమితోటే రైతుబంధు కూడ పోయింది. పోడు పట్టాలు 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల మొదలుపెట్టి ఇచ్చిన్రు, ఆ పట్టాలకు రైతుబంధు కలిపిన్రు, సంతోషం. కానీ మనది ఏజెన్సీ కాదు. 1/70 చట్టం మనకు వర్తించదు. మన లంబాడోళ్లు 1976 చట్టంతోటి ఎస్టీ లిస్టులకు వచ్చిన్రు, భూమికి మాత్రం మైదాన ప్రాంతంల ఏ రక్షణ లేదు. అప్పుకింద పోయిన భూమి తిరిగి వచ్చే దారి లేదు.

ఇంకో దిక్కు ఏం జరిగిందో చూడండి. హుజూర్‌నగర్‌ల ప్రభుత్వ భూమికి పాస్‌బుక్కులు పుట్టించి రైతుబంధు తీసుకున్నరని కేసు అయింది, 2024ల అరెస్టులు జరిగినయ్. నిజానిజాలు కోర్టు తేలుస్తది. నేను అనేది ఒక్కటే, పాస్‌బుక్కు ఒక్కటే అర్హత అయినప్పుడు పాస్‌బుక్కు పుట్టించగలిగేటోడే అందరికంటె పెద్ద రైతు అయితడు.

కొందరు అడుగుతరు, "భూమి లేనోళ్లకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఇస్తున్నరు కదా, ఏడాదికి 12 వేలు?" అని. ఇస్తున్నరు, మంచిదే. దాని షరతు చదివిన్రా? భూమి అస్సలు ఉండొద్దు, 2023-24ల ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు పోయి ఉండాలె. మూడెకరాలు మక్తకు చేసేటోడు ఉపాధి పనికి ఎన్ని రోజులు పోగలడు? ఇంకో తమాషా. పది గుంటలు సొంతం ఉన్నోడు భూమి ఉన్నోని కిందనే లెక్క, ఆత్మీయ భరోసా రాదు. రైతు భరోసా వస్తది, గుంటకు ఏడాదికి 300 లెక్కన పది గుంటలకు 3 వేలు. భూమి లేనోనికి 12 వేలు, పది గుంటలు ఉన్నోనికి 3 వేలు. మన తండాలల్ల అన్నదమ్ములు పంచుకొని పంచుకొని గుంటలల్లకు వచ్చిన ఇండ్లు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు. ఆ పది గుంటలు తాత ఇచ్చిన ఆస్తి అనుకోవాల్నో, శిక్ష అనుకోవాల్నో అర్థం కాదు.

రైతుబీమా సంగతి ఇంకా బాధ. 2018 ఆగస్టుల వచ్చింది. 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టాదారు ఏ కారణంతోటి చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. గుంట భూమి ఉన్నా చాలు. మంచి పథకం, ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కానీ మక్తకు చేసి అప్పులపాలై పురుగుల మందు తాగినోడు ఈ లెక్కల రైతు కాదు. అట్లాంటి చావులకు ఎక్స్‌గ్రేషియా జీవో వేరే ఉన్నది, 2015ల దాన్ని 6 లక్షలకు పెంచిన్రు. అది కౌలు రైతుకు కూడ వర్తిస్తది, కానీ ముగ్గురు అధికారుల కమిటీ వచ్చి తేల్చాలె. ఆ జీవో ఉన్నదని తండాల ఎంత మందికి తెలుసు? కనీసం ఈ పోస్టు చదివినోళ్లు గుర్తు పెట్టుకోండి, అవసరం ఎవరికీ రావొద్దు.

కౌలు రైతులు ఎంత మంది ఉన్నరు అని సర్కారు దగ్గర లెక్క లేదంటరు. రైతు స్వరాజ్య వేదిక వాళ్లు 2022ల 20 జిల్లాలల్ల 34 ఊర్లు తిరిగి 7,744 మంది రైతులను కలిస్తే, అందుల 2,753 మంది కౌలుకు చేసేటోళ్లే. నూటికి 35 మంది పైన. లెక్క లేకపోవుడు కాదు, లెక్క తీయకపోవుడు.

నిజానికి లెక్క తీసే చట్టం కూడ మన చేతుల ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంల 2011ల భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతు దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ వాళ్లు ఊర్ల విచారించి ఏడాదికి రుణ అర్హత కార్డు ఇయ్యాలె. దానితోటి భూమి హక్కు ఏం మారదు, యజమాని పట్టా యజమానిదే. ఈ చట్టాన్ని రద్దు చెయ్యలే, పక్కకు పడేసిన్రు.

కోదాడ నుంచి రామాపురం క్రాస్ రోడ్ దాటితే ఆంధ్రా. అటు గరికపాడు, జగ్గయ్యపేట. అక్కడ 2019 అక్టోబర్‌ల వైఎస్సార్ రైతు భరోసా పెట్టినప్పుడు భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కూడ 13,500 ఇస్తమన్నరు. ఒకటే నది, ఒకటే వరి, మధ్యల ఒక చెక్‌పోస్టు. ఇటు పక్క మనిషి రైతు కాదు, అటు పక్క మనిషి రైతు. అయితే అక్కడ కూడ పూర్తిగ జరగలే, ఎందుకో తెలుసుకోవాలె. అదే ఏడాది తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టిన 11 నెలల అగ్రిమెంట్ కావాలె. యజమాని సంతకం పెట్టడు. పెడితే భూమి పోతదేమో అని భయం. అడిగితే వచ్చే ఏడు మక్త ఇంకొకరికి ఇస్తడు. అందుకే ఇక్కడ ఎవరన్న "యజమాని ఒప్పుకుంటే కౌలు రైతుకు ఇస్తం" అంటే అది ఇయ్యం అన్నట్టే లెక్క. సంతకం లేకుండ, ఊరి విచారణ మీద ఇచ్చేదే ఇచ్చినట్టు.

పశ్చిమ బెంగాల్‌ల 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతోటి పాలుకు చేసే రైతుల పేర్లు రికార్డులకు ఎక్కించిన్రు. ఇప్పుడు అక్కడి కృషక్ బంధు ఆ పేర్లు ఉన్నోళ్లకు కూడ వస్తది. అమెరికాల కూడ పంట సబ్సిడీలు పంట నష్టం భరించేటోనికే పోవాలె అనే రూల్ ఉన్నది. నగదు కౌలు అయితే సాగు చేసేటోనికి, పాలు పద్ధతి అయితే ఇద్దరికీ వాటా ప్రకారం. కోదాడ నుంచి పోయినోళ్లు అక్కడ చూస్తనే ఉంటరు. అక్కడ కూడ భూ యజమానులు కౌలు పెంచి ఆ పైసలు గుంజుకుంటరు అనే గొడవ ఉన్నది, ఉండదని చెప్పను. కానీ రూల్ రాసేటప్పుడు కనీసం ఎవరి పేరు రాయాల్నో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. కోపం చెయ్యొద్దు.

ఈ గ్రూపుల మనం ఎప్పుడూ ఆసాములు, దొరలు, సర్కారు అని రాస్తం. మన తండాలల్లనే మన ఉద్యోగస్తులు ఉన్నరు. రిజర్వేషన్ల వల్ల టీచర్లు, కానిస్టేబుళ్లు, ఆర్టీసీ, కరెంటు ఆఫీసుల ఉద్యోగాలు వచ్చి సూర్యాపేటలనో, హైదరాబాద్‌లనో ఇల్లు కట్టుకున్నరు. తండాల ఉన్న భాగం భూమి తమ్ముడో, అన్ననో చేస్తున్నడు. రైతు భరోసా ఉద్యోగి అన్న ఖాతాల పడ్తది. అన్న ఇస్తే తమ్మునికి ఇచ్చినట్టు, లేకుంటే లేదు. కొందరు మంచోళ్లు మొత్తం పంపిస్తరు, వాళ్లకు దండం. కొందరు పండుగకు వచ్చినప్పుడు రెండు వేలు చేతుల పెట్టి పోతరు. కొందరు అన్నదమ్ముల దగ్గర కూడ మక్త తీసుకుంటరు! రేపు మనం కూడ గ్రూప్స్ రాసి, డీఎస్సీ రాసి ఆ జాగలకు పోయేటోళ్లమే. అప్పుడు మన పేరున పడ్డ పైసలు ఏం చేస్తం? ఇది ఇండ్లల్ల అడిగే ప్రశ్న, ధర్నాల అడిగేది కాదు. అందుకే ఎవరూ అడగరు.

అట్లనే ఒక మినహాయింపు కూడ చెప్పాలె. మక్తకు ఇచ్చేటోళ్లందరూ ఉన్నోళ్లు కాదు. భర్త పోయిన ఆమె, కొడుకులు పట్టించుకోని ముసలాయన, ఎకరం, ఎకరంన్నర ఉన్నది, చెయ్యలేక ఇస్తరు. వాళ్లకు ఆ 6 వేలు మందులకు, బియ్యానికి ఆసరా. అది గుంజి మక్తదారుకు ఇయ్యాలె అంటే నేను ఒప్పుకోను. ఒక రైతు నోట్ల నుంచి తీసి ఇంకో రైతు నోట్ల పెట్టమని కాదు మనం అడిగేది. ఎలక్షన్ల కార్డు మీద ఇద్దరి పేర్లూ ఉన్నయ్. పెద్ద కమతాలకు ఒక హద్దు పెట్టి, మిగిలిన దానితోటి సాగు చేసేటోనికి వేరేగ ఇయ్యమని అడుగుతున్నం. కౌలు రైతుకు ఇస్తే మక్త రేటు పెరగదా అంటే కొంత పెరుగుతదేమో. ఇప్పుడు పట్టాదారుకు పూర్తిగ ఇస్తుంటే మక్త రేటు తగ్గిందా మరి? ఒక్క బస్తా తగ్గలే.

"ఎవరు కౌలుకు చేస్తున్నరో గుర్తుపట్టడం కష్టం, ఏటా మారుతరు" అనే మాటకు నాకు నవ్వొస్తది. ఐకేపీ సెంటర్‌ల వడ్ల కుప్ప ఎవరిదో హమాలీకి తెలుసు. అర్ధరాత్రి వాన వస్తే పరదా కప్పనికి ఎవరు ఉరుకుతరో ఊరందరికీ తెలుసు. 2023 మార్చిల వడగండ్ల వానకు ఎకరానికి 10 వేలు ప్రకటించినప్పుడు, కౌలు రైతును కూడ ఆదుకోవాలె అని అప్పటి ముఖ్యమంత్రే చెప్పిండు. 2024 సెప్టెంబర్ 1న కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాల్వ తెగి నడిగూడెం దిక్కు పొలాలు కొట్టుకపోయినయ్. తెల్లారి ఇప్పటి ముఖ్యమంత్రి మోతె దగ్గరికి వచ్చి ఎకరానికి 10 వేల పరిహారం ప్రకటించిండు. పంట నష్టం రాసేటప్పుడు పంట ఎవరిదో అడిగి రాయొచ్చు. అప్పుడు అడగగలిగినోళ్లు పంట వేసేటప్పుడు ఎందుకు అడగలేరు?

మన పెద్దోళ్ల ముచ్చట ఒకటి. ధర్మాపురం జాటోత్ ఠాను నాయక్ పేరు ప్రతి ఏడూ మనం స్టేటస్‌లు పెడ్తం. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాల విసునూరు దేశ్‌ముఖ్ మీద వాళ్ల కుటుంబం కొట్లాడింది తాము దున్నుకుంటున్న భూమి కోసం. ఆ పోరాటం వేడికి వచ్చిన 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే మాటను తెచ్చింది. అంటే 75 ఏండ్ల కింద హైదరాబాద్ రాష్ట్రంల దున్నేటోని పేరు కాగితం మీద ఉండాలె అని ఒప్పుకున్నరు. ఇయ్యాల ఆన్‌లైన్ల ఆ పేరు లేదు.

ఇగ మనం ఏం చెయ్యొచ్చు? ధర్నాలు చేసే సంఘాలు చేస్తయ్, పోతం కూడ. కానీ చదువుకుంటున్నోళ్లం కాబట్టి మన చేతుల ఉన్న పని ఒకటి ఉన్నది, రాయడం. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్కు తీసుకొని తండాల ఇల్లిల్లూ తిరగండి. సర్వే నంబర్, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఎన్ని ఏండ్ల నుంచి, మక్తనా కొన్నదా, ఏఈవో పంట నమోదు ఎవరి పేరున రాసిండు, రైతు భరోసా ఎవరికి పడ్డది, ఇవి రాయండి. ఏఈవో వచ్చినప్పుడు సాగు చేసేటోని పేరు కూడ రాయమని అడగండి. వడ్లు అమ్మేటప్పుడు పనికొస్తది, 500 బోనస్ ఎవరి ఖాతాల పడాల్నో అక్కడనే తేలుతది. యజమాని పేరు బయటపెడితే మక్త పోతదని ఎవరన్న భయపడితే బలవంతం చెయ్యొద్దు, పేరు లేకుండ లెక్క మాత్రం రాసుకోండి. ఆ భయం నిజమే, వాళ్ల బువ్వ మీది భయం అది.

మన తండాలు 2018 ఆగస్టు నుంచి గ్రామ పంచాయతీలు అయినయ్. ఓటు అడగనికి వచ్చే ప్రతి మనిషిని, ఏ పార్టీ అయినా, గ్రామసభల కౌలు రైతుల లిస్టు పెట్టి తీర్మానం చేస్తవా లేదా అని అడగండి. 2011 చట్టం కింద దరఖాస్తులు రాసి సోమవారం ప్రజావాణిల ఇద్దాం, సూర్యాపేట కలెక్టరేట్‌ల కోదాడ, హుజూర్‌నగర్ దిక్కోళ్లు, నల్లగొండల మిర్యాలగూడ దిక్కోళ్లు. రశీదు తీసుకోకుండ మాత్రం రావొద్దు. ఫార్మాట్ నేను తయారు చేస్తున్న, లా చదువుతున్న అన్నలు ఎవరన్న ఒకసారి చూసి సరిచేస్తే గ్రూపుల పెడ్త.

నోట్‌బుక్కుల ఇంకో కాలం కూడ గీయండి. పట్టా మగోళ్ల పేరున, మక్త మాట మగోళ్లది, బ్యాంకు ఖాతా మగోళ్లది. నాటు వేసేది, కలుపు తీసేది, కల్లంల వడ్లు ఆరబోసేది ఎవరు? ఆ కాలంల యాడి పేరు రాయండి. చాన ఇండ్లల్ల ఆమె పేరు అడిగితే "ఫలానాయన భార్య" అని చెప్తరు. ఆగి, పూర్తి పేరు అడిగి రాయండి.